అయ్యగారు భోంచెయ్యని ఇల్లు

కఠినమైన వాక్యం చెప్పాల్సిన ఆదివారానికి ముందు రాత్రి నాకు ఇప్పటికీ సరిగా నిద్ర పట్టదు. సంఘ కాపరినై ముప్ఫై ఏళ్లు దాటాయి. పెళ్లి ప్రసంగం, భూస్థాపన ప్రసంగం, కోతల పండుగ ప్రసంగం, ఇవన్నీ నోటికి అలవాటయ్యాయి. కొన్ని పాఠాలు మాత్రం అలవాటు కావు. బైబిలు తెరిచి అవి చదవగానే సంఘంలో ఒక మనిషి ముఖం కళ్ల ముందుకొచ్చి నిలబడుతుంది. ఆదివారం పొద్దున ఆ ముఖం ఎదుటే ఆ మాట చెప్పాలి. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర అదే మనిషి చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పాలి. బుధవారం ఆ ఇంట్లో ఎవరికో జ్వరమని కబురొస్తే వెళ్లి ప్రార్థన చెయ్యాలి. ఎక్కడి నుంచో కూటాలకు వచ్చి, మూడు రాత్రులు ఉరిమి, నాలుగో రోజు రైలెక్కే ప్రసంగీకుడికి ఈ బాధ తెలియదు. ఉన్న ఊళ్లోనే ఉండి చెప్పేవాడికే తెలుస్తుంది.

మా సంఘాలకు గట్టి ప్రసంగమంటే ఇష్టమే. ‘వాక్యం బలంగా తగిలిందయ్యగారూ’ అని వెళ్తూ వెళ్తూ చెబుతారు. చాలా ఏళ్లు ఆ మాటకు పొంగిపోయాను. అది ఏ ఆదివారాల్లో ఎక్కువగా వినబడుతోందో తర్వాతెప్పుడో గమనించాను. లోకం చెడిపోయిందని, పిల్లలు ఫోన్లకు అంటుకుపోయారని, పక్క సంఘంవాళ్ల బోధ సరికాదని చెప్పిన ఆదివారాల్లో. అక్కడ లేనివాళ్ల పాపం గురించి ఎంత గొంతెత్తి చెప్పినా కూర్చున్నవాళ్లకు ఏ నష్టమూ లేదు. నిజంగా కఠినమైన మాట పడిన రోజు గుమ్మం దగ్గర ఎవరూ ఏమీ అనరు. చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతారు. యోహాను సువార్త ఆరో అధ్యాయం మొదట్లో ఐదువేల మంది రొట్టెలు తిని తృప్తిపడ్డారు. అదే అధ్యాయం చివరికొచ్చేసరికి, ఈ మాట వినడం మా వల్ల కాదని శిష్యుల్లోనే చాలామంది వెనక్కి తిరిగిపోయారు. ఆ జనం, ఆ ఖాళీ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. అలాంటి ఖాళీ నా సంఘంలోనూ ఏర్పడింది. అందులో నా తప్పు ఎంతో చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను.

కృష్ణా డెల్టాలో ఒక పల్లె. చర్చి చిన్నది. ముందు ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, వెనక చాపలు. కుర్చీలు సంఘ పెద్దలకు, ఉద్యోగస్తులకు, కొడుకులు గల్ఫ్ నుంచి డబ్బు పంపే తండ్రులకు. చాపల మీద కూడా ఒక వరస ఉండేది. ఎవరూ గీత గియ్యలేదు గానీ మాలపేట వాళ్లు ముందు కూర్చునేవాళ్లు, మాదిగపేట నుంచి వచ్చే నాలుగైదు కుటుంబాలు వెనక గోడ దగ్గర సర్దుకునేవి. ఆ ఆదివారం పాఠం యాకోబు పత్రిక రెండో అధ్యాయం. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలతో వచ్చినవాణ్ణి నిలబెట్టే సంఘం గురించి. ఆ పాఠం నేను ఏరుకున్నది కాదు, పాఠాల పట్టికలో ఆ వారానికి వచ్చింది. పట్టిక పాటించే సంఘాల్లో కాపరికి ఇది పెద్ద రక్షణ. మనకు ఇష్టమైన పాఠాల్లోకి పారిపోనివ్వదు, మనకు కోపమున్న మనిషి మీదికి పాఠం వెతుక్కోనివ్వదు.

నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. కుర్చీల వైపు వేలు చూపించి చెప్పాను. ఉంగరాల మాట వచ్చినప్పుడు ఒక చేతి వైపు చూశాను కూడా. ఆ చేతి పెద్దాయన ప్రసంగం మధ్యలోనే లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. వెంట ఆయన భార్య, కోడలు. ఆయన వెళ్లిపోవడమే నా మాట నిజమనడానికి రుజువనుకున్నాను. ఆ మధ్యాహ్నం చాలా తృప్తిగా భోంచేశాను. ఎవరింట్లో భోంచేశానో ఆ రోజు ఆలోచించలేదు.

మంగళవారం సాయంత్రం మాదిగపేటలో ప్రార్థన. వెనక గోడ దగ్గర కూర్చునే ఒక ముసలమ్మ ఇల్లు. ప్రార్థన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఆమె అరుగు మీద కూర్చుని అంది: “మొన్న మా గురించి బాగా చెప్పారయ్యగారూ. కుర్చీదేముంది లెండి, ఆ గోడకి ఆనుకుంటే నా నడుముకి హాయిగానే ఉంటది. మీరు ఈ ఊరొచ్చి రెండేళ్లయింది. మా ఇంట్లో ఎన్నిసార్లు ప్రార్థన చేశారో. ఒక్కనాడూ అన్నం తినలేదు.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వానలు ఆలస్యమయ్యాయని చెప్పినట్టు చెప్పింది. ‘వేళ కుదరలేదమ్మా’ అన్నాను. అది అబద్ధం. నేను మాలపేటలో పుట్టినవాణ్ణి. మా నాయనమ్మ రోజుల్లో ఆ పేట నీళ్లు తాగేవాళ్లు కాదు. నేను నీళ్లు తాగాను, టీ తాగాను, అంతమటుకు మారాననుకున్నాను. భోజనం మాట వచ్చేసరికి మాత్రం ‘ఇంకో ఇంట్లో చెప్పేశారు’ అని లేచేవాణ్ణి. అలా లేస్తున్నానన్న సంగతి నాకే పట్టనంత అలవాటైపోయింది. రెండు రోజుల క్రితం ఆరు కుర్చీలను అంత గట్టిగా ఖండించిన నోరు ఆ ఇంట్లో రెండేళ్లుగా ముద్ద ముట్టలేదు.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చిన మనిషి అజరయ్య గారు. 1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు, దాదాపు అందరూ ఐరోపా, అమెరికా వాళ్లు. వాళ్ల ముందు మాట్లాడటానికి నిలబడ్డ వేదనాయగం శామ్యూల్ అజరయ్యకు ముప్ఫై అయిదేళ్లు. తిరునెల్వేలి ప్రాంతంలో ఒక నాడార్ కుటుంబంలో పుట్టి, అప్పటికి ఏడాదిగా నిజాం ఇలాకాలోని దోర్నకల్లులో తెలుగువాళ్ల మధ్య సువార్త పనిలో ఉన్న తమిళుడు. మిషనరీల త్యాగాలను ఆయన మనసారా మెచ్చుకున్నారు. ఆ తర్వాత, మీతో పనిచేసే భారతీయుల ఇళ్లకు మీరు రారు, మీ ఇంటికి భోజనానికి పిలవరు, మాకు కావాల్సింది మీ స్నేహం అన్న అర్థం వచ్చేలా చెప్పారు. సభలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు నొచ్చుకున్నారు. ఆ సభను మన దేశంలో ఇప్పటికీ ఎవరైనా తలుచుకుంటే ఎక్కువగా ఆ ప్రసంగం వల్లే తలుచుకుంటారు.

సెమినరీలో అందరిలాగే నేనూ ఆ ప్రసంగం చదివి రోమాంచితుణ్ణయ్యాను. దాని తర్వాత ఆయన బతికిన ముప్ఫై నాలుగున్నర ఏళ్ల మీద అప్పుడు నా దృష్టి పోలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. 1945 జనవరి 1న దోర్నకల్లులోనే కన్నుమూశారు. ఆ మధ్య కాలమంతా ఎద్దుబండి మీద, కాలినడకన మాల మాదిగ పల్లెలు తిరిగారు. బాప్తిస్మం పుచ్చుకునేవాళ్ల చేత వాళ్ల తల మీద వాళ్ల చెయ్యే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. తమతో కలిసి భోంచెయ్యమని తెల్లవాళ్లను అడిగిన మనిషి, ఊళ్లవాళ్లు ఎవరూ పక్కన కూర్చోనివాళ్ల దగ్గరికి వెళ్లి జీవితమంతా కూర్చున్నారు. ఎడిన్‌బరోలో కొందరు నొచ్చుకున్నా ఆ మాట ఇన్నేళ్లు నిలబడటానికి కారణం దోర్నకల్లే అని నా నమ్మకం. మాట ముందు వచ్చింది, దాని బరువు తర్వాత పల్లెల్లో పెరిగింది.

బల్ల దగ్గరి తప్పు మన సంఘానికి కొత్త కాదు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే జడిసి, పక్కకు తప్పుకుని వేరే కూర్చున్నాడు. అంత మెత్తని మనిషి బర్నబా కూడా వాళ్లతో పాటే లేచిపోయాడు. పౌలు ఆ విషయాన్ని చాటుగా మాట్లాడలేదు, అందరి ముందు పేతురు ముఖాన్నే అడిగాడు. మత్తయి సువార్త పద్ధెనిమిదో అధ్యాయంలో యేసు నేర్పిన క్రమం వేరు: సహోదరుడు తప్పుచేస్తే ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. ఈ రెంటికీ పొత్తు ఎలాగని చాలాకాలం తికమకపడ్డాను. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం చదువుతుంటే తేలింది. అక్కడ పౌలు పెద్దల మీద నిందను ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా అంగీకరించవద్దంటాడు, పాపంలో కొనసాగేవాళ్లను మాత్రం అందరి ఎదుట గద్దించమంటాడు. నాయకుడి తప్పు నలుగురినీ లాక్కుపోతుంది కాబట్టి దాన్ని నలుగురిలో సరిదిద్దాలి. బలహీనుడి తప్పు అతని ఇంట్లో, అతని ఎదుట, మెల్లగా.

మన సంఘాల్లో ఇది తలకిందులైంది. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్న పిల్ల సంగతి ప్రసంగంలో వస్తుంది, పేరు చెప్పకపోయినా ఊరంతా ఆ పిల్ల తల్లి వైపే చూస్తుంది. తాగి వచ్చిన కూలివాడికి ప్రభు బల్ల ఆపుతారు. కానుకల లెక్క చూపించని పెద్దమనిషి గురించి మాత్రం ‘ప్రార్థనలో పెడదాం’ అంటారు. నేనూ అలాగే అన్నాను, ఒకసారి కాదు. ఆ తల్లుల ముఖాలు నాకు గుర్తున్నాయి. వాళ్లలో ఒకామె ఆ తర్వాత ఎన్నో నెలలు కొంగు ముఖం మీదికి లాక్కునే కూర్చునేది.

కుర్చీల పెద్దాయన సంగతికొస్తాను. పదిహేను రోజులకు ఆయన ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. “మీరు చెప్పింది తప్పని నేననను అయ్యగారూ. నాకు ముందు ఒక్క మాట చెప్పుంటే ఆ కుర్చీ నేనే తీసేవాణ్ణి” అన్నారు. నిజంగా తీసేవారో లేదో నాకు తెలియదు. ఆ అవకాశం ఆయనకు నేనివ్వలేదు. కుర్చీ తప్పు నలుగురి ముందూ జరుగుతున్నదే, దాన్ని నలుగురిలో అడగడంలో దోషం లేదు. కానీ నేను కుర్చీల మాట చెబుతూ ఆయన ఉంగరం వైపు చూశాను. ఆ చూపులో యాకోబు లేడు. ఆ కుటుంబం పక్క ఊరి సంఘంలో చేరిపోయింది, తిరిగి రాలేదు. ప్రార్థనలో ఇప్పటికీ వాళ్ల పేర్లు తలుచుకుంటాను.

అప్పటి నుంచి ప్రసంగం సిద్ధం చేసుకునే పద్ధతి మార్చుకున్నాను. సోమవారం పాఠం చదువుతాను, చదవగానే ఏ ముఖాలు గుర్తొస్తాయో ఒక కాగితం మీద రాసుకుంటాను. శనివారం లోపల ఆ ఇళ్లకు వెళ్లడం ప్రసంగం పనిలో భాగం. ప్రసంగం గురించి చెప్పడానికి కాదు, ఊరికే వెళ్తాను, పెడితే భోంచేస్తాను. సగం సార్లు ఆ ఇంట్లో విన్నదాంతో ప్రసంగం మారిపోతుంది. కానుక తగ్గించిన మనిషి ఇంట్లో అప్పు కాగితాలు కనబడతాయి. ఆరాధనకు ఆలస్యంగా వచ్చే కోడలు తెల్లవారుజామున మంచం పట్టిన అత్తకు స్నానం చేయించి వస్తోందని తెలుస్తుంది. శుక్రవారం రాత్రి రాసుకున్నదాన్ని ఇంట్లో గట్టిగా చదువుతాను. అమ్మగారు, అంటే నా భార్య, వంటగదిలోంచి వింటుంది. గొంతు ఎక్కడ మారిందో నాకంటే ముందు ఆమెకు తెలుస్తుంది.

చదివేటప్పుడు ‘మీరు’ అన్న ప్రతి చోటా ఎర్ర గీత పెడతాను. మన భాషలో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వేదిక మీద ఉన్నవాడు ‘మీరు’ అన్నాడంటే తను ఆ మాట కింద లేనని చెప్పినట్టే. అందుకని చాలా ‘మీరు’లను ‘మనం’ చేశాను. కొన్నాళ్లకు దానిలోని ప్రమాదం కూడా తెలిసింది. ‘మనమందరం పాపులమే’ అన్నప్పుడు ఎవరూ పాపి కాడు, అందరూ హాయిగా తలూపుతారు. ఇప్పుడు ‘మనం’ అని రాసిన ప్రతిచోటా ‘నేను’ అని పెట్టి, నా బతుకులోంచి ఒక్క సంగతి చెప్పగలనా అని చూసుకుంటాను. చెప్పలేకపోతే ఆ వాక్యం ఆ వారం ఆగుతుంది.

ఇంకొక నియమం ఉంది. నా మనసు నొచ్చిన వారంలో కఠినమైన పాఠం ముట్టుకోను. ఒక సంఘంలో మూడు నెలలు జీతం సరిగా అందలేదు. ఆ ఆదివారం పట్టిక పక్కన పెట్టి మలాకీ మూడో అధ్యాయం తీశాను, దశమభాగం ఇవ్వనివాళ్లు దేవుణ్ణి దోచుకుంటున్నారన్న పాఠం. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఆ రోజు వంటింట్లో పిడికెడు పిడికెడు బియ్యం తీసి దాచి కానుక తెచ్చే ఆడవాళ్లు ముందు వరసలో కూర్చుని ఉన్నారు, తలలు దించుకుని విన్నారు. నా బాకీ వసూలుకు దేవుని మాట వాడుకున్నాను. ఆ తప్పు వాళ్ల ముందు ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నాయకుడికి అన్నిటికంటే కష్టమైన మాట ‘ఆగండి’ అన్న మాటేమో అనిపిస్తుంది. 1876 నుంచి 78 దాకా మన ప్రాంతాన్ని పీడించిన మహా కరువులో, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి, కూడు దొరికేలా చేశారు. ఆ వేలల్లో చాలామంది బాప్తిస్మం అడిగారు. సహాయం అందుతున్నంతకాలం ఇవ్వనన్నారాయన. ఏడాదికి పైగా ఆపారు. సంఖ్యలు రాసి పంపితే స్వదేశంలో సంతోషించేవాళ్లు ఎందరో ఉన్న రోజుల్లో ఆపారు. కూలి పని అయిపోయి, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఆరుగురు బోధకులు, ఒకసారి ఇద్దరి చొప్పున, 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ సంఖ్య మన ఉజ్జీవ కూటాల్లో తరచు వినిపిస్తుంది. దాని ముందున్న ఆ నిరాకరణ గురించి ఒక్క కూటంలోనూ వినలేదు. అంతకు పదేళ్ల ముందు అదే ఒంగోలులో, మాదిగలను చేర్చుకుంటే మేం రాబోమని పెద్ద కులాలవాళ్లు చెప్పినప్పుడు క్లౌ దంపతులు మాదిగల వైపే నిలబడ్డారు. ఆ తలుపు తెరిచింది ఎవరి కోసమో ఆ ముసలమ్మ అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు గుర్తు రావాల్సింది.

కఠినమైన మాట చెప్పాక ఏం చెయ్యాలో చూపించిన నాతాను గురించి ఒక సంగతి చెప్పాలి. దావీదు ఎదుట గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ మనిషివి నువ్వేనని వేలు చూపించిన ప్రవక్తగా ఆయన అందరికీ తెలుసు. ఆ తర్వాత కూడా ఆయన రాజుగారింటికి రావడం మానలేదు. సొలొమోను పుట్టినప్పుడు దేవుడు ఆ బిడ్డను ప్రేమించాడన్న కబురు పట్టుకుని వచ్చింది ఆయనే. దావీదు ముసలివాడై మంచాన ఉన్నప్పుడు గదిలోకి వెళ్లి నిలబడిందీ ఆయనే. దినవృత్తాంతముల మొదటి గ్రంథం మూడో అధ్యాయంలో బత్షెబకు దావీదు వల్ల పుట్టిన కొడుకుల పేర్లున్నాయి. అందులో ఒకడి పేరు నాతాను. ప్రవక్త పేరే పెట్టారని గ్రంథం చెప్పదు. నేను మాత్రం అలాగే చదువుకుంటాను.

ఆ పల్లెలో ముసలమ్మ ఇంటికి ఆ గురువారమే మళ్లీ వెళ్లాను, మధ్యాహ్నం భోజనం వేళకు. చెప్పి వెళ్లలేదు. కంగారుపడింది. పొద్దుటి అన్నం, గోంగూర పచ్చడి, పక్కింటి నుంచి తెచ్చిన కోడిగుడ్డుతో అట్టు. పీట వేసి స్టీలు పళ్లెం పెట్టింది. తను గుమ్మం దగ్గర నిలబడింది. “నువ్వూ పెట్టుకోమ్మా” అంటే “మీరు కానివ్వండి అయ్యగారూ, నేను తర్వాత తింటా” అంది. ఎంత అడిగినా కూర్చోలేదు. యాకోబు పాఠం మీద నేను రాసుకున్న పధ్నాలుగు పేజీల్లో ఆ గుమ్మానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. పళ్లెం ముందు కాసేపు అలాగే కూర్చున్నాను. ఆమె నాతో కూర్చుని తినడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఆ లోపల మా పేటలో రెండిళ్ల నుంచి నాకు ఆదివారం భోజనం రావడం ఆగింది. మా పేట నుంచే ఒక టీచరమ్మ నాతో పాటు అక్కడికి రావడం మొదలుపెట్టింది, ఆమెను చూసి ఇంకో ఇద్దరు. మూడో ఏడు క్రిస్మస్ వంట రెండు పేటల ఆడవాళ్లూ కలిసి వండారు. కొందరు తినకుండా వెళ్లారు. నాలుగో ఏడు యవ్వనస్తులు కుర్చీలను తీసి గోడ వెంబడి వేసి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరైనా కూర్చోవచ్చన్నారు. నేను చెప్పలేదు, నన్ను అడగనూ లేదు. ముసలమ్మ మాత్రం కుర్చీలో కూర్చోలేదు, ఆ గోడే బాగుందంది.

ఆత్మీయ ఎదుగుదల అంటే ఏమిటని ఎవరైనా అడిగితే కన్నీటి కూటాల కంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఈ నాలుగేళ్లే. పాలు తాగే పసివాళ్లకూ గట్టి ఆహారం తినగల పెద్దవాళ్లకూ తేడా చెబుతూ హెబ్రీయుల పత్రిక సాధన వల్ల అలవడిన జ్ఞానం గురించి మాట్లాడుతుంది. సాధన చేసింది సంఘం. వాళ్లతో పాటు నేనూ.

ఇప్పుడు పట్నం సంఘంలో ఉన్నాను. వచ్చే ఆదివారం పాఠం గలతీయుల రెండో అధ్యాయం. సోమవారం కాగితం మీద నాలుగిళ్లు రాసుకున్నాను, మూడింటికి వెళ్లొచ్చాను. నాలుగోది పోయిన నెల కమిటీ సమావేశంలో నేను అందరి ముందు మాట తూలిన పెద్దాయనది. ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఈ సాయంత్రం భోజనానికి వస్తున్నానని ఆయన భార్యకు కబురు పంపాను. రమ్మన్నారట. ఆయన ఇంట్లో ఉంటారో లేదో చెప్పలేదు.